రాత్రి తొమ్మిదింటి మ్యాచ్, పొద్దున ఏడింటి బడి

అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రం, కేరీ పట్టణం నుంచి ఒక తల్లి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేర్లూ గుర్తులూ తీసేసి ముఖ్యమైన సంగతులు ఇస్తున్నాం.

ఆమెది తెనాలి. భర్త రాలీలోని ఎన్.సి. స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేసి అక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డారు. ఇద్దరు పిల్లలు. పెద్దవాడు హైస్కూల్లో పదో తరగతి, త్వరలో పదహారు నిండుతాయి. 2024 మార్చిలో ఆ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు (అందరూ స్టేట్ అంటారు) ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచి, కొన్ని కాలేజీలు కలిసి ఆడే ఏ.సి.సి. టోర్నమెంటు కప్పు కొట్టి, ఆ ఊపులో ఫైనల్ ఫోర్ దాకా, అంటే జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగు జట్ల దాకా వెళ్ళింది. అప్పుడు తండ్రీకొడుకులు సోఫాలో పక్కపక్కన కూర్చుని చూడటం మొదలుపెట్టారు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. వారం మధ్యలో మ్యాచ్ చాలాసార్లు రాత్రి తొమ్మిదికి. అది అయ్యేసరికి పదకొండు దాటుతుంది. ఆ తర్వాత అబ్బాయి గదిలోకి వెళ్ళి పశ్చిమ తీరం మ్యాచ్‌లు ఫోన్లో చూస్తాడు. పొద్దున ఆరింటికి లేవాలి, 6:40కి బస్సు, 7:25కి మొదటి పీరియడ్. అందులో కునుకు తీస్తున్నాడని కెమిస్ట్రీ టీచరు మెయిల్ పెట్టారు. బి గ్రేడు సి అయింది. మూడింటికి ఇంటికొచ్చి మంచమెక్కితే ఆరింటి దాకా లేవడు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు.

ఒకరాత్రి ఆమె పదింటికి వైఫై కట్టేశారు. అబ్బాయి ఫోన్ డేటాతో చూశాడు. అదే సమయానికి భర్త హైదరాబాద్ టీంతో మాట్లాడుతున్న ఆఫీసు కాల్ తెగిపోయింది, ఇల్లంతా గొడవ. "వాడు నాతో నోరు తెరిచి మాట్లాడేది ఆ రెండు గంటలే" అంటారు భర్త. "అమ్మకి బాస్కెట్‌బాల్ అంటే పడదు" అంటాడు కొడుకు. "ఇంట్లో నేనొక్కదాన్నే రాక్షసినయ్యాను" అని రాశారామె. ఇప్పుడు భర్త ఫిబ్రవరిలో ఒక బుధవారం రాత్రి తొమ్మిదింటి మ్యాచ్‌కి రెండు టికెట్లు కొన్నారు. వద్దనాలా? వచ్చే ఏడు లైసెన్సు రాగానే స్నేహితులతో నేనే కారు వేసుకుని వెళ్తానంటున్నాడు, దానికేం చెప్పాలి? చివరగా ఇంకో ప్రశ్న: "బడికెళ్ళే పిల్లలున్న దేశంలో రాత్రి తొమ్మిదింటికి మ్యాచ్ పెట్టడమేమిటండీ?"

సమాధానం:

అమ్మా, చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాం. దానికి జవాబు తెలిస్తే మీ ఇంట్లో ఎవరి మీద కోపం పెట్టుకోనక్కర్లేదో తెలుస్తుంది.

ఆ వేళ పెట్టేది మీవారు చదివిన యూనివర్సిటీ కాదు. స్టేట్, డ్యూక్, చాపెల్ హిల్ లాంటి కాలేజీలన్నీ కలిసి ఏ.సి.సి. అనే కాన్ఫరెన్స్‌గా ఏర్పడి, మ్యాచ్‌ల ప్రసార హక్కులు ఈ.ఎస్.పి.ఎన్. అనే స్పోర్ట్స్ ఛానల్‌కి అమ్మేశాయి. ఆ ఒప్పందం 2036 దాకా ఉంది. ఛానల్ దగ్గర సాయంత్రం అంటే రెండేసి గంటల గళ్ళు. ఏడింటికి ఒక మ్యాచ్, తొమ్మిదింటికి ఇంకోటి. మీకు తొమ్మిదైనప్పుడు షికాగోలో ఎనిమిది, కాలిఫోర్నియాలో ఆరు. దేశమంతా ఒకేసారి టీవీ ముందుకొచ్చే వేళ అది, ప్రకటనల ధర పలికేదీ అప్పుడే. 2024 ఏప్రిల్‌లో అరిజోనాలోని గ్లెండేల్‌లో జరిగిన జాతీయ ఫైనల్ మీ గడియారంలో రాత్రి 9:20కి మొదలైంది, అదీ సోమవారం. అక్కడివాళ్ళకి అప్పుడు సాయంత్రం 6:20. మరుసటి ఏడు ఫైనల్‌ని 8:50కి జరిపారు. అరగంట మిగిలింది, అంతే. పైగా 2024 ఆగస్టు నుంచి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీ) యూనివర్సిటీలు కూడా ఏ.సి.సి.లోకి వచ్చాయి. మీ జట్టు అటు ప్రయాణం కట్టినప్పుడు మొదలయ్యేదే పదింటికో పదకొండింటికో కావచ్చు.

కాబట్టి ఆ వేళ మీద మీవారికి గానీ, మీ అబ్బాయికి గానీ, ఆఖరికి స్టేట్ కోచ్‌కి గానీ అధికారం లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఛానల్ మీద కోపం రౌటర్ మీదా, రౌటర్ మీది కోపం మీ మీదా తిరుగుతోంది. యూనివర్సిటీ క్రీడా విభాగానికి రాయవచ్చు. టికెట్లు కొనేవాళ్ళు రాస్తే చదువుతారు కూడా. దానివల్ల ఈ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ముందుకు జరగదు. మీ చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి.

ముందు మ్యాచ్ రాత్రిని నిమిషాల్లో చూడండి. ఇంట్లో జరిగే వాదనంతా "తొమ్మిది నుంచి పదకొండు" అనే లెక్క మీద నడుస్తోంది, ఆ లెక్క తప్పు. ఏడింటి మ్యాచ్ సాగితే తొమ్మిదింటిది కాసేపు వేరే ఛానల్లో నడుస్తుంది, లేదా కాస్త ఆగి మొదలవుతుంది. ఏ ఆటంకం లేకపోయినా రిఫరీ బంతి పైకి విసిరేది 9:05 ప్రాంతంలో. ఆట ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు. ఒక్కో సగంలో గడియారం 16, 12, 8, 4 నిమిషాలు దాటి కిందికి దిగాక ఆట మొదటిసారి ఆగినప్పుడల్లా మీడియా టైమౌట్ ఇస్తారు. ప్రకటనల కోసం పెట్టిన విరామం అది, రెండు నిమిషాలకు తక్కువుండదు. అవే ఎనిమిది. జట్లు అడిగే టైమౌట్లు వేరే. మొదటి సగం 9:50, 9:55 మధ్య ముగుస్తుంది. పావుగంట హాఫ్‌టైమ్. రెండో సగం 10:10కి మొదలవుతుంది, మొదటిదానికంటే ఎక్కువసేపు పడుతుంది. వెనకబడిన జట్టు గడియారం ఆపడానికి కావాలని ఫౌల్ చేస్తుంది, అవతలివాళ్ళు ఫ్రీ త్రోలు వేస్తారు, దాచుకున్న టైమౌట్లన్నీ అప్పుడే బయటికొస్తాయి, రిఫరీలు మానిటర్ దగ్గరికి పరిగెడతారు. చివరి రెండు నిమిషాల ఆటకు పది, పన్నెండు నిమిషాలు పట్టడం మామూలే. అంటే 11:10. స్కోరు సమమైతే ఐదు నిమిషాల ఓవర్‌టైమ్, దానికి ఇంకో పావుగంట. 2009 మార్చిలో న్యూయార్క్‌లో సిరక్యూస్, కనెక్టికట్ జట్లు ఆడిన బిగ్ ఈస్ట్ అనే ఇంకో కాన్ఫరెన్స్ టోర్నమెంటు మ్యాచ్ రాత్రి 9:36కి మొదలై, ఆరు ఓవర్‌టైమ్‌లు సాగి, తెల్లవారుజామున 1:22కి ముగిసింది. అలాంటిది చాలా అరుదు. అయినా "మ్యాచ్ అవగానే పడుకుంటా" అన్న మాట మీద ఒప్పందం ఎందుకు చేసుకోకూడదో దాన్నిబట్టి తెలుస్తుంది. మ్యాచ్ ఎప్పుడవుతుందో ఎవరి చేతిలోనూ లేదు. ఒప్పందం గడియారం మీద ఉండాలి.

11:10కి టీవీ ఆపగానే నిద్ర పట్టదు. దగ్గరి స్కోరుతో ముగిసిన మ్యాచ్ తర్వాత గుండె నెమ్మదించడానికే అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. నిద్ర పట్టేది 11:50. లేచేది ఆరింటికి. ఆరు గంటల పది నిమిషాలు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ చెబుతుంది. అంటే ఒక మ్యాచ్ రాత్రి మీ అబ్బాయి పోగొట్టుకునేది తక్కువలో తక్కువ దాదాపు రెండు గంటలు.

ఇక్కడే మీ ఉత్తరంలో ఒక సంగతి మీరు రాసి కూడా పట్టించుకోలేదు. ఒక జట్టు వారానికి ఆడేది రెండు మ్యాచ్‌లు, అందులో ఒకటి మామూలుగా శనివారం. బడి రాత్రుల్లో వచ్చేది ఒకటే, అదీ ప్రతి వారం తొమ్మిదింటికే కాదు, ఏడింటికి కూడా ఉంటుంది. మరి అబ్బాయి వారంలో ఐదు రోజులూ ఎందుకు కునుకుతున్నాడు? మిగతా నాలుగు రాత్రులు తినేస్తున్నవి వేరే రెండు. ఒకటి ఫోన్లో పశ్చిమ తీరం మ్యాచ్‌లు. రెండోది మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా పడుకునే నిద్ర.

అసలు దొంగ ఆ మధ్యాహ్నం నిద్రే అని మాకు గట్టిగా అనిపిస్తోంది. మూడు గంటలు పడుకుని ఆరింటికి లేచినవాడికి రాత్రి పదింటికి నిద్ర రమ్మంటే రాదు. మ్యాచ్ లేని సోమవారం కూడా పన్నెండింటి దాకా దొర్లుతాడు. దొర్లేవాడి చేతికి ఫోన్ వస్తుంది, ఫోన్లో ఎక్కడో ఒక మ్యాచ్ ఉంటుంది. పొద్దున అలసట, మధ్యాహ్నం మళ్ళీ మంచం. ఆదివారం పన్నెండింటికి లేవడం దీనికి తోడు. ఆ రాత్రి తొందరగా నిద్ర రాక సోమవారం పొద్దుటికే నీరసం. మీరు మ్యాచ్ రాత్రి వైఫై కట్టేసినా మిగతా నాలుగు రాత్రులు అలాగే ఉంటాయి. గ్రేడు మారదు, గొడవ మాత్రం మిగులుతుంది.

కాబట్టి మ్యాచ్ జోలికి పోకముందే రెండు వారాలు ఈ రెండింటినీ సరిచేసి చూడండి. బడినుంచి రాగానే కునుకు కావాలంటే తీయనివ్వండి, కానీ నాలుగు లోపల, ఇరవై ఐదు నిమిషాలే, అలారం పెట్టి, మంచం మీద కాకుండా సోఫా మీద. మొదటి నాలుగైదు రోజులు సాయంత్రాలు చిరాకుగా ఉంటాడు, హోంవర్క్ మీద తల వాలుస్తాడు. అది గడిస్తే రాత్రి నిద్ర ముందుకు జరుగుతుంది. శని, ఆదివారాల్లో మామూలుకంటే రెండు గంటలు ఆలస్యంగా లేవొచ్చు, అంతకు మించి కాదు. ఫ్రిజ్‌లో ఎనర్జీ డ్రింకులు ఉంటే తీసెయ్యండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదారు గంటలు పడుతుంది.

అబ్బాయి పక్షాన ఒక మాట చెప్పాలి. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ చిన్నప్పటికంటే రెండు గంటల దాకా ఆలస్యంగా ఊరుతుంది. తొమ్మిదిన్నరకే పడుకోమంటే పడుకోలేకపోవడం బద్ధకమూ కాదు, ఎదురుతిరగడమూ కాదు. అందుకే హైస్కూళ్ళు 8:30 కంటే ముందు మొదలుపెట్టొద్దని అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే చెప్పింది. కాలిఫోర్నియా 2022 నుంచి దాన్ని చట్టంగా అమలు చేస్తోంది. మీ అబ్బాయి బడి 7:25కి. పైనుంచి ఛానల్, కిందనుంచి బడి గంట, రెండూ నొక్కుతున్నాయి. ఆ మాట ఒకసారి వాడితో పైకి అనండి. "నీ తప్పు కాదని నాకు తెలుసు, అయినా మనం దీంతో నెట్టుకురావాలి" అన్న అమ్మతో పిల్లలు బేరానికి కూర్చుంటారు.

ఇంకో సంగతి. రోజూ రాత్రి తొమ్మిదింటికి తెనాలిలో మీ అమ్మగారితో వీడియో కాల్ అని రాశారు. మీకు తొమ్మిది, చలికాలంలో అక్కడ పొద్దున ఏడున్నర. మీవారి హైదరాబాద్ కాల్ కూడా అప్పుడే. అంటే పదకొండు దాకా మీ ఇంట్లో ప్రతి గదిలో దీపం, ప్రతి చేతిలో తెర. ఆ ఇంట్లో ఒక్కడినే నిద్రపొమ్మంటే వాడికి అది శిక్షలా ఉంటుంది. మీ కాల్ ఎనిమిదికి మారిస్తే అమ్మగారికి ఆరున్నర, కాఫీ వేళ. పదింటికి హాల్లో పెద్ద లైట్లు ఆపి, అందరి ఫోన్లూ, మీవీ మీవారివీ కూడా, హాల్లోనే ఛార్జింగ్‌కి పెట్టండి. ఒక్క అబ్బాయి ఫోనే లాక్కుంటే అది నిలబడదు. అలారానికి ఫోన్ కావాలంటాడు, పది డాలర్ల అలారం గడియారం కొనివ్వండి.

ఇప్పుడు మ్యాచ్ రాత్రి సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఖర్చు.

బడి రాత్రుల్లో మ్యాచ్ అసలు వద్దనడం ఒకటి. తల్లీతండ్రీ ఒకే మాట మీద ఉన్న ఇళ్ళలో ఇది నడుస్తుంది. మీ ఇంట్లో ఇద్దరూ ఒక మాట మీద లేరు. తండ్రి సోఫాలో చూస్తుంటే కొడుకు గదిలో ఫోన్లో చూస్తాడు. అదే మ్యాచ్, అవే రెండు గంటలు, మాటలు మాత్రం ఉండవు. నిద్రా పోతుంది, తండ్రితో మాటలూ పోతాయి. గ్రేడు ఇంకా దిగి డి దాకా వస్తే కొన్ని వారాలు ఈ దారి పట్టక తప్పదు. అప్పుడు మీవారు కూడా టీవీ ఆపాలి.

లెక్కకట్టి ఇవ్వడం ఇంకోటి. మ్యాచ్‌ల పట్టిక వేళలతో సహా సీజన్ మొదలయ్యే ముందే వచ్చేస్తుంది. మిగిలిన మ్యాచ్‌లు ముగ్గురూ కలిసి కాగితం మీద రాసుకోండి. శుక్ర, శనివారాలవి పక్కన పెట్టండి, వాటికి ఏ గొడవా లేదు. ఏడింటివి పక్కన పెట్టండి, తొమ్మిదింపావుకి అయిపోతాయి. చివరికి మిగిలేవి మీరు భయపడుతున్నన్ని ఉండవు. వాటిలో మూడింటిని చివరిదాకా చూడొచ్చు, ఏ మూడో వాడే ఎంచుకుంటాడు. మర్నాడు పరీక్ష ఉంటే చెల్లదు. స్టేట్ మ్యాచ్‌లే లెక్కలోకొస్తాయి, ఎక్కడో స్పోకేన్‌లోనో లాస్ ఏంజిలస్‌లోనో జరిగేవి కాదు. దీనిలో మంచి, ఎంపిక వాడిది కావడం. చెడు, ఫిబ్రవరి మధ్యకే మూడూ ఖర్చుపెట్టేసి మార్చిలో "ఇంకొక్కటి" అంటాడు. ఆ మాట వస్తుందని ముందే తెలుసుకుని ఇవ్వకూడదు, ముఖ్యంగా మీవారు.

మూడోది, మాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది: మొదటి సగం రాత్రి, చివరి నాలుగు నిమిషాలు పొద్దున. హాఫ్‌టైమ్ 9:55కి వస్తుందని చూశాం కదా. ఆట తనంతట తానే ఆగే చోటు అది. ఉత్కంఠ మధ్యలో టీవీ కట్టేస్తే రభస అవుతుంది, ఆటే ఆగిన చోట ఆపితే అవదు. పదింపావుకి పక్క మీద ఉంటాడు. మ్యాచ్ రికార్డు అవుతుంది. పొద్దున 6:10కి తండ్రీకొడుకులు టిఫిన్ ప్లేట్లతో కూర్చుని రెండో సగంలో చివరి నాలుగు నిమిషాల ఆట చూస్తారు. ప్రకటనలూ టైమౌట్లూ దాటేస్తే పది పన్నెండు నిమిషాలు. బస్సు 6:40కి. మధ్యలో పోయిన పదహారు నిమిషాల ఆట కావాలంటే సాయంత్రం చూసుకుంటాడు.

ఇది చెడిపోయేదంతా చిన్న చిన్న విషయాల దగ్గరే, అందుకే వివరంగా చెబుతున్నాం. రికార్డింగ్ రెండు గంటలకే ఆగిపోయేలా ఉంటే సరిగ్గా చివరి నాలుగు నిమిషాలే తెగిపోతాయి. ముగింపు వేళను గంట పొడిగించి పెట్టండి. ముందు మ్యాచ్ సాగి మొదటి పది నిమిషాలు వేరే ఛానల్లో వచ్చినా మీకు నష్టం లేదు, అది రాత్రి ప్రత్యక్షంగా చూసేశాడు. రాత్రి టీవీ ఆపే ముందు స్పోర్ట్స్ ఛానల్ నుంచి వేరేదానికి మార్చండి. లేకపోతే పొద్దున టీవీ పెట్టగానే తెర అడుగున స్కోర్ల పట్టీ పరిగెడుతూ అంతా చెప్పేస్తుంది. యూట్యూబ్ టీవీ వాడుతుంటే ఎంచుకున్న జట్టు స్కోర్లు కనపడకుండా దాచే ఏర్పాటు అందులో ఉంది. స్కోర్ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపెయ్యండి. ఫోన్ ఎలాగూ హాల్లో ఉంటుంది, టిఫిన్ అయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు, మీవారు కూడా ముట్టుకోకూడదు. ఈ పద్ధతి ఎక్కువసార్లు పాడయ్యేది తండ్రి పొద్దున ముందే స్కోరు చూసేసి ముఖంలో దాచుకోలేకపోవడం వల్ల. ఇంకా నిజాయితీగా చెప్పాలంటే, రాత్రి ఆపలేకపోయేది కూడా పిల్లవాడికంటే మీవారే కావచ్చు. ఆయన మిగతా సగం ఒక్కరే చూసుకుంటే పొద్దున కలిసి చూడటంలో రుచి ఉండదు. ఆయన కూడా ఆపాలి. అది మీరు అడగదగ్గ త్యాగమే.

వాడు రేడియోలో వింటూ పడుకుంటానని బేరం పెట్టవచ్చు. స్టేట్ మ్యాచ్‌లకు రేడియో వ్యాఖ్యానం ఉంది, తెర వెలుతురు ఉండదు. ఆధిక్యం ఇరవై పాయింట్లున్న మ్యాచ్ అయితే వింటూ నిద్రపోతాడు. హోరాహోరీగా ఉంటే చీకట్లో కళ్ళు తెరుచుకుని చివరిదాకా వింటాడు. ఇరవై నిమిషాల స్లీప్ టైమర్ పెట్టి ఒప్పుకోవచ్చు, టైమర్ లేకుండా మాత్రం వద్దు.

మీవారితో మాట్లాడేటప్పుడు నిద్ర లెక్కతో మొదలుపెట్టకండి. ఆయన భయం నిద్ర గురించి కాదు. కొడుకు ఇంకో రెండేళ్ళలో కాలేజీకి వెళ్ళిపోతాడు, మాట్లాడుకునే ఆ రెండు గంటలు కూడా పోతాయేమోనని ఆయన భయం. అది చిన్న విషయం కాదు. "మీరిద్దరూ కలిసి చూడటం నాకు కావాలి, వేళ ఒక్కటే మార్చుకుందాం" అని మొదలుపెట్టండి. ఆయనకు గుర్తుచేయదగ్గ సంగతి ఒకటుంది. 2024లో వాళ్ళిద్దరినీ కలిపిన ఆ ఐదు మ్యాచ్‌లలో అందరూ చెప్పుకునేది వర్జీనియాతో సెమీఫైనల్. ఆఖరి క్షణంలో పడిన మూడు పాయింట్ల షాట్‌తో ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది. అది శుక్రవారం రాత్రి. ఫైనల్ శనివారం. పిల్లవాడి నిద్రకు అడ్డం రాని మ్యాచ్‌లు తక్కువేం లేవు. శనివారాలు ఉన్నాయి. స్టేట్ మహిళల జట్టు కూడా అదే 2024లో ఫైనల్ ఫోర్‌కి వెళ్ళింది. వాళ్ళ మ్యాచ్‌లు క్యాంపస్‌లోని రెనాల్డ్స్ కొలీజియంలో, ఐదున్నర వేల సీట్ల చిన్న హాలు, కొన్ని ఆదివారం మధ్యాహ్నాలు. చిన్నమ్మాయిని కూడా తీసుకెళ్ళొచ్చు. మీరూ వెళ్ళొచ్చు. "అమ్మకి పడదు" అన్న మాటకు జవాబు ఇంట్లో వాదించి చెప్పేకంటే అక్కడ కూర్చుని చెప్పడం తేలిక.

మార్చి సంగతి ముందే అనుకోండి, ఎందుకంటే అది అన్నిటికంటే చెడ్డ వారం. మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. కొన్నేళ్ళు ఆ వారంలోనే ఏ.సి.సి. టోర్నమెంటు వస్తుంది, మంగళవారం నుంచి శనివారం దాకా. రాత్రి పూట రెండో మ్యాచ్ 9:30కి అని వేస్తారు, కానీ ముందు మ్యాచ్ అయ్యాకే కోర్టు ఖాళీ అవుతుంది కాబట్టి ఇంకా జరగొచ్చు. అది ముగిసేసరికి 11:40. ఒంటికి ఇంకా పాత గడియారమే తెలుసు కాబట్టి పొద్దున ఆరు అంటే అయిదు. మరుసటి వారం జాతీయ టోర్నమెంటు మొదటి రౌండు, గురు, శుక్రవారాలు. మధ్యాహ్నం పన్నెండుంబావుకి మొదలైన మ్యాచ్‌లు అర్ధరాత్రి దాకా సాగుతాయి. మూడు రాత్రులు లెక్కకట్టి ఇస్తే, వాటిలో ఒకటి ఈ రెండు వారాలకు అట్టేపెట్టుకోమని ఇప్పుడే చెప్పండి. గడియారం మారే ముందు గురువారం నుంచి రోజుకు పావుగంట ముందు పడుకుంటే సోమవారం అంత బరువుగా ఉండదు.

బడి వైపు కూడా ఒక పని ఉంది. కెమిస్ట్రీ టీచరుకు జవాబు రాయండి, నిద్ర వేళలు మారుస్తున్నామని, నాలుగు వారాల తర్వాత ఎలా ఉన్నాడో చెప్పమని. రాబోయే సెమిస్టర్‌కి తరగతులు ఎంచుకునేటప్పుడు మొదటి పీరియడ్‌లో కష్టమైన సబ్జెక్టు పడకుండా చూడటం కుదురుతుందేమో కౌన్సెలర్‌ని అడగండి. నాలుగు వారాలు రోజుకు ఎనిమిది గంటలు పడుకున్నాక కూడా తరగతిలో కునుకు తీస్తుంటే, లేదా రాత్రి గురక పెడుతూ ఉలిక్కిపడి లేస్తుంటే, అప్పుడది మ్యాచ్‌ల సంగతి కాదు, పిల్లల డాక్టరుకు చూపించండి.

లైసెన్సు విషయంలో మీరు వాదించనక్కర్లేదు, చట్టమే మీ పక్షాన ఉంది. నార్త్ కరొలైనాలో పదహారేళ్ళకు వచ్చే మొదటి దశ లైసెన్సుతో ఆరు నెలలపాటు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున అయిదు దాకా, పర్యవేక్షించే పెద్దవాళ్ళు పక్కన లేకుండా నడపకూడదు. తొమ్మిదింటి మ్యాచ్ చూసి తిరిగి వచ్చే దారంతా ఆ నిషేధంలోనే ఉంటుంది. ఆరు నెలలు గడిచాక కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పొద్దున ఆరింటికి లేచినవాడు అర్ధరాత్రి స్టీరింగ్ పట్టుకుంటే పద్దెనిమిది గంటలు మెలకువగా ఉన్నట్టు. ఆ స్థితిలో మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానమని పరిశోధకులు కొలిచి చెప్పారు. హైస్కూల్ ఉన్నంతకాలం తొమ్మిదింటి మ్యాచ్‌కి పెద్దవాళ్ళు నడిపే కారులోనే అనడం న్యాయమైన షరతు. ఇది మీవారికీ వర్తిస్తుంది. ఆయన కూడా ఆరింటికే లేచి పనిచేసి వచ్చినవారే. ఆ బుధవారం సాయంత్రం ఆయన అరగంట కునుకు తీసి బయల్దేరాలి.

ఇక ఆ రెండు టికెట్లు. వద్దనవచ్చు. టికెట్లు అమ్ముడుపోతాయి కూడా. కానీ ఆ ఒక్క రాత్రి వద్దనడం వల్ల మిగిలేది రెండు గంటల నిద్ర, పోయేది మిగతా ఒప్పందాలన్నిటికీ కావలసిన సద్భావం. వెళ్ళనిస్తే మాత్రం ఈ ఏర్పాట్లతో వెళ్ళనివ్వండి. గురువారం పరీక్ష లేదని వాడే కనుక్కోవాలి. బుధవారం బడినుంచి రాగానే మూడుంబావు నుంచి మూడుముప్పావు దాకా నిద్ర. హోంవర్క్ ఆరు లోపల. ఆరున్నరకు ఇంట్లోనే అన్నం, అక్కడి కోకులూ పాప్‌కార్నూ భోజనం కాదు. మ్యాచ్ జరిగే లెనోవో సెంటర్ కేరీకి దగ్గరే, కానీ వేలమంది కార్లు ఒకేసారి కదిలే చోట పార్కింగులోంచి బయటపడటానికే అరగంట పడుతుంది. ఇంటికి చేరేది పన్నెండు. గురువారం బస్సు వద్దు, మీవారు కారులో దింపుతారు. దానివల్ల ఆరుకు బదులు 6:40కి లేవొచ్చు, నలభై నిమిషాలు మిగులుతాయి. మధ్యాహ్నం పాతికనిమిషాల కునుకు, రాత్రి పదింటికి పక్క, ఆ రోజు ఏ మ్యాచ్ ఉన్నా సరే. ఇది వాడి మూడింటిలో ఒకటిగా లెక్క.

రద్దీ తప్పించుకోవడానికి చివర్లో ముందే లేచి రమ్మని మాత్రం చెప్పకండి. నాలుగు నిమిషాలుండగా లేచి వచ్చేస్తే పార్కింగులో ఇరవై నిమిషాలు కలిసొస్తాయి, నిజమే. కానీ అంతదూరం వెళ్ళింది ఆ నాలుగు నిమిషాల కోసమే.

వాళ్ళ దగ్గర తాళంచెవి ఉంటుంది. ఆరున్నరకే తిని వెళ్ళారు కాబట్టి అర్ధరాత్రి అన్నం వేడిచేసే పని లేదు. మీ ఫోన్ కూడా హాల్లో పెట్టి, వాకిట్లో లైటు వేసి ఉంచి, పదిన్నరకు మీరు పడుకోండి.